సగం అల్లిన చాప

మా ఇంటి తలుపు మీద రెండు భాషల్లో రాసి ఉండేది. పైన తెలుగులో ‘రేపు రా’ అని, దాని కింద కన్నడంలో ‘నాళె బా’ అని. రాసింది పక్కింటి హనుమంతప్ప. లారీల వెనక, ట్రాక్టర్ల వెనక పేర్లు రాయడం అతని పని. గుమ్మఘట్ట అవతల మా పల్లెలో సగం ఇండ్లలో తెలుగు, సగం ఇండ్లలో కన్నడం. అకాలంగా పోయిన ఆడమనిషి సంజెవేళ వచ్చి తలుపు తడితే ఆ మాట చదువుకుని వెనక్కి పోతుందని, మరునాడు వచ్చి మళ్లీ చదువుకుంటుందని, అట్లా ఎన్నటికీ లోపలికి రాదని మా వైపు నమ్మకం.

“ఒక బాస చాలదా అన్నా?” అని అడిగాను ఆరోజు.

“చౌడి చదివింది కన్నడం బడిలో గదా సుంకక్కా. దానికి కన్నడమే కావాల” అన్నాడు కుంచె ముంచుతూ.

“మరి తెలుగెందుకు?”

“అది నీకు. లోపల కూర్చొని ధైర్యంగా ఉంటావని.”

చౌడేశ్వరి నా కోడలు. నా కొడుకు ఓబిలేష్ మొదటి భార్య. కాన్పు నొప్పులతో రాయదుర్గానికి పోతుంటే దారిలోనే, జీపులో, బిడ్డతో సహా పోయింది. బయట పోయిన మనిషిని గడప దాటించకూడదు. వాకిట్లో బండల మీద పడుకోబెట్టి, అక్కడే నీళ్లు పోసి, అక్కడి నుంచే ఎత్తుకుపోయారు. పొద్దున కడుపు పట్టుకుని గడప దిగిన పిల్ల మళ్లీ లోపలికి రాలేదు.

నేను చెప్పబోయేది అప్పటి సంగతి కాదు. పోయిన చలికాలం సంగతి. శనక్కాయకు ఊడలు దిగే సమయంలో వాన మొహం చాటేసి, పశువుల మేతకు శనక్కాయ కట్టె కూడా మిగలని ఏడాది అది. ఓబిలేష్ రెండో భార్య జయంతికి అప్పుడు నెలలు నిండుతున్నాయి.

జయంతిది బత్తలపల్లె. తల్లి లేదు. అన్నా వదినా పెళ్లి చేసి పంపారు. మొదటి కాన్పు పుట్టింట్లో జరగాలి కదా, వాళ్ల వదిన నుంచి పిలుపు రాలేదు. “ఈడ తాగేదానికే నీళ్లు లేవు” అని ఫోన్లో అన్నదట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు జయంతి నవ్వింది.

“నేనేమన్నా చెరువు తాగుతానా అత్తా?” అంది.

నవ్వే పిల్లే, పొద్దు వాలేదాకా. దీపం పెట్టే వేళకు మాత్రం నట్టింట్లో గోడకు వీపు ఆనించి, తలుపుకు ఎదురుగా కూర్చునేది. చేతిలో పని ఉంటే చేతిలోనే ఆగిపోయేది.

“ఎవరో నిలబడుకోనుండారు అత్తా.”

“గాలిలే పాపా.”

“గాలి నిలబడదు గదా.”

నేను పెన్నహోబిలం నరసింహస్వామిని నమ్ముకున్న దాన్ని. శనివారం ఒక్కపొద్దు ఉంటాను. స్వామి పటం ఉన్న ఇంట్లోకి ఏదీ రాదని తెలుసు. కానీ ఆ పిల్ల చెప్పే చప్పుడు నాకూ వినిపించేది. చేత్తో కొట్టే చప్పుడు కాదు. తలుపు కింది సగంలో, మెత్తగా, ఒక్కసారి. చౌడి నీళ్లు తెచ్చేటప్పుడు రెండు చేతులూ బిందె మీద ఉండేవి. మోచేత్తో తలుపు నెట్టి “అత్తే, తలుపు” అనేది. ఆ సంగతి జయంతికి నేను చెప్పలేదు. ఓబిలేష్ చెప్పే మనిషి కాదు. చౌడి పోయిన తర్వాత వాడి నోట ఆ పేరే రాలేదు.

మా ఊరికి దగ్గర్లో కన్యాస్త్రీల ఆస్పత్రి ఒకటి ఉంది. డాక్టరు లేడు, కాన్పులు చేయరు. మాత్రలు, సూదులు, కట్లు, అంతే. అక్కడ మిగిలింది ఒక్క సిస్టరు. పేరు నూలా, మా నోళ్లలో నూలమ్మ. ఐర్లాండు అనే దేశం నుంచి వయసులో ఉండగా వచ్చి, మా మాటా మా ఎండా రెండూ ఒంటికి పట్టించుకుని ముసలిదైపోయింది. మిగతా సిస్టర్లను వేరే ఊళ్లకు మార్చారు. శివరాత్రి లోపల ఆస్పత్రి మూసేసి ఆమెనూ తన దేశానికి పంపేస్తారని అప్పటికే తెలుసు. చౌడిని తీసుకుపోయిన జీపులో మాతోబాటు ఆమె కూడా ఉంది.

ఒకరోజు నూలమ్మ కర్ర ఊనుకుంటూ వచ్చి జయంతి చేతికి పట్టీ చుట్టి రక్తపోటు చూసింది.

“ఏం మే, నిద్ర పోతాండావా?”

“పోతాండా అమ్మా.”

“నీ నోరు ఒకటి చెప్తాది, నీ రక్తం ఒకటి చెప్తాది. నేను రక్తాన్నే నమ్ముతా.” పట్టీ విప్పుతూ నా వైపు తిరిగింది. “సుంకమ్మా, పోటు ఎక్కువగా ఉండాది. భయంతో పెరుగుతాండాది. నొప్పులు మొదలైన ఘడియలోనే రాయదుర్గం ఆస్పత్రికి పోవాల. ఇంట్లో కూర్చుంటే రెండు ప్రాణాలూ దక్కవు.”

“నేను పోను” అంది జయంతి.

“యాడికి పోవు?”

“ఆ దారిలో పోను. రాయదుర్గం దారిలో ఆమె ఉండాది. ఈడ గడప బయటా ఆమే ఉండాది. ఇంక యాడ అడుగు పెట్టాల నేను? ఏమైతే అది అయితాది, ఈ ఇంట్లోనే కంటా.”

అరుగు మీద పలుపు తాడు పేనుకుంటున్న ఓబిలేష్ లేచి, తాడు అక్కడే పడేసి, ఎద్దుల వైపు వెళ్లిపోయాడు.

నూలమ్మ పోతూ పోతూ తలుపు దగ్గర ఆగింది. హనుమంతప్ప రాసిన అక్షరాల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది.

“రోజూ ఇదే చెప్తాండారా ఆ పిల్లకు?”

“మేం చెప్పేదేముందమ్మా. రాసి ఉండాది.”

“మరి దానికి రేపు ఎప్పుడొస్తాది సుంకమ్మా?” అని అడిగి, కర్ర వాకిట్లో ఆనించి దిగి వెళ్లిపోయింది.

ఆ ప్రశ్న నాకు అన్నం దగ్గర, పూజ దగ్గర అడ్డం తగులుతూనే ఉండింది.

జయంతికి మాత్రల కోసం నేను ఆస్పత్రికి వెళితే అక్కడ ఎవరూ లేరు. చూస్తే నూలమ్మ చెరువులో ఉంది. చెరువంటే నెర్రెలు విచ్చిన మట్టి. దాని నడుమ, చివరగా నీళ్లు ఇంకిపోయిన గుంట దగ్గర వంగి కర్రతో కెలుకుతోంది.

“ఏం పోగొట్టుకున్నావమ్మా?” అని గట్టు మీద నుంచి కేకేశాను.

“తుంగ. ప్రతి ఏడూ ఈడనే కోసుకునేదాన్ని. ఈసారి వేరు కూడా లేదు.”

“దేనికి?”

“పండక్కి. ఫిబ్రవరి ఒకటో తేదీ మాకు బ్రిజితమ్మ పండగ. ముందురోజు సంజెవేళ తుంగతో సిలువ అల్లాల.”

ఎక్కి రావడానికి చేయి అందించాను. గట్టు మీద ఇద్దరం కూర్చున్నాం. మాత్రల సంగతి మరిచిపోయి, ఆ బ్రిజితమ్మ ఎవరని అడిగాను.

“మా దేశంలో పునీతురాలు. వాళ్లమ్మ బానిస. దొర ఇంట్లో పాలు పిండేది. ఒకరోజు తెల్లవారుతుండగా పాలకుండ పట్టుకొని గడప దాటతాండాది. ఒక కాలు లోపల, ఒక కాలు బయట. అప్పుడే నొప్పులొచ్చి, ఆ గడప మీదనే బ్రిజితమ్మ పుట్టింది. ఇంటి లోపలా కాదు, బయటా కాదు.”

నా స్వామి హిరణ్యకశిపుణ్ణి చీల్చింది కూడా అట్లాంటి చోటే. లోపలా కాదు, బయటా కాదు, పగలూ కాదు, రాత్రీ కాదు. గడప మీద చంపిన దేవుడికి ఇన్నేళ్లుగా దండం పెడుతున్నాను. గడప మీద పుట్టిన వాళ్ల గురించి వినడం అదే మొదటిసారి.

“నిజంగా అట్ల జరిగిందా అమ్మా?”

“ఎవరికి తెలుసు. ఇంకో మాట కూడా చెప్తారు. ఏసు మాట మా దేశానికి రాకముందే ఆ పేరుతో ఒక దేవత ఉండేదంట. పాడికీ, పొయ్యిలో నిప్పుకూ, కాన్పులకూ ఆమే దిక్కంట. మతం మారినా ఆడోళ్లు ఆమెను వదల్లేదు. పునీతురాలిని చేసి ఇంట్లోనే పెట్టుకున్నారు.” కర్ర చివరతో మట్టిని గీస్తూ చెప్పింది. “మా పెద్దోళ్లకు ఆ మాట నచ్చదు. నాకు నచ్చుతాది. మీ అమ్మవార్లు చెట్టు కింద నుంచి గుడిలోకి వచ్చినట్టు.”

పండగ ఎట్లా చేస్తారో ఆమె నోటి నుంచే విన్నాను. ముందురోజు పొద్దు గుంకే వేళ ఇంటి తలుపు మూస్తారు. ఆ ఇంటి ఆడపిల్ల తుంగకట్టను బిడ్డలాగా రెండు చేతుల్లో పట్టుకుని బయట నిలబడుతుంది. లోపలికి రానీయమని మూడుసార్లు పిలుస్తుంది. పిలిచిన ప్రతిసారీ లోపలి వాళ్లందరూ ‘రా తల్లీ, ఇది నీ ఇల్లే’ అనాలి. మూడోసారికి తలుపు తీస్తారు. ఆ తుంగతో సిలువలు అల్లి తలుపు పైన దోపుతారు. ఒక గుడ్డ ముక్కను బయట కంచె మీద వేస్తారు. రాత్రి బ్రిజితమ్మ పోతూ పోతూ దాన్ని తాకుతుంది. తలనొప్పికి, ఈనలేని ఆవుకు, కాన్పు కష్టమైన ఆడమనిషికి ఏడాది పొడుగునా ఆ గుడ్డే మందు.

“తాకినట్టు ఎట్ల తెలుస్తాది?”

“పొడుగు పెరుగుతాదంట. మా నాయనకు అమ్మ, మా జేజి, సాయంత్రం జానతో కొలిచి వేసేది, పొద్దున మళ్లీ కొలిచేది. ప్రతి ఏడూ కొంచెం పెరిగేది. మా నాయన ఏమనేవాడో తెలుసా? ‘మీ జేజి జాన సాయంత్రం పెద్దది, పొద్దున చిన్నది’ అని.”

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత నేను అడగకూడని మాట అడిగాను.

“ఆ గుడ్డ చౌడి మీద కూడా వేసినావా అమ్మా, జీపులో?”

“వేసినా.”

“మరి మీ బ్రిజితమ్మ రాలేదా?”

ఎండిన చెరువు వైపు తిరిగింది.

“వచ్చిందేమో సుంకమ్మా. వచ్చి పక్కన కూర్చున్నదేమో. అంతకంటే చేతగాలేదేమో. నాకు చేతగానట్టే.” కర్రను ఒడిలోకి తీసుకుని మళ్లీ అంది. “మా ఇంట్లో బయట నిలబడే ఆడపిల్లను నేనే. నేను ఇట్లా వచ్చేసినాక మా అమ్మే తుంగ పట్టుకొని బయటికి పోయి పిలిచేదంట. మళ్లీ తానే లోపలికొచ్చి ‘రా తల్లీ’ అనేదంట. మా తమ్ముడు చెప్పినాడు. ఈసారి నాకూ అదే గతి. పిలిచేదాన్నీ నేనే, పలికేదాన్నీ నేనే. తుంగ కూడా లేదు.”

“ఈతాకు పనికొస్తాదా?” అన్నాను. మనసు ఆలోచించకముందే నోరు అనేసింది. “మా ఇంట్లో ఉండాది. మా ఇంట్లోనే చేసుకుందాం రా.”

మా అటక మీద సగం అల్లిన ఈత చాప ఒకటి ఉండేది. చౌడి అల్లింది. వాళ్ల పుట్టింటి ఊళ్లో ఆడవాళ్లందరికీ వచ్చే పని అది. పుట్టబోయే బిడ్డకని చిన్న చాప మొదలుపెట్టింది. చివరి వరసలో ఆకులు ఇంకా మడవకుండా, వేళ్లు చాపినట్టు నిక్కి ఉన్నాయి. చచ్చినవాళ్ల గుడ్డలన్నీ పారేశాం కానీ దాన్ని పారేయడానికి చేయి రాలేదు. చుట్టి పైన పడేశాను.

జనవరి చివరి రోజు మధ్యాహ్నం దాన్ని దించాను. జయంతి దూరంగా నిలబడి చూసింది.

“ఎవరిది అత్తా?”

“చౌడిది.”

నేను చివరి నుంచి ఒక్కో ఆకూ విప్పుతూ నీళ్ల బొక్కెనలో వేస్తున్నాను. నా వేళ్లకు చిక్కు తెలియడం లేదు, ఆకులు విరిగిపోతున్నాయి. చూసి చూసి జయంతి వచ్చి పక్కన కూర్చుంది.

“అట్ల లాగితే విరుగుతాయి గదా. ఈడ చూడు, ఈ మడత కింద నుంచి వచ్చినాది ఆమె” అంటూ విప్పసాగింది. రెండు, మూడు వరసలు విప్పింది. మధ్యలో ఒకచోట ఆగి, ఆకు మీద ఉన్న పంటిగాటు నాకు చూపించింది. చేతులు ఖాళీ లేనప్పుడు చౌడి ఆకును పళ్లతో పట్టుకునేది. ఆ గాటును బొటనవేలితో నిమిరి, ఆ ఆకునూ నీళ్లలో వేసింది.

హనుమంతప్ప గోడ మీద నుంచి తొంగి చూశాడు.

“ఏం సుంకక్కా, సిలువలు చేస్తాండారని ఊరంతా అనుకుంటాండారు. మతం మారతాండారా?”

“మారేదానికి యాడ తీరిక అన్నా. పశువులకు నీళ్లు పెట్టాల, రొట్టె కాల్చాల.”

“మరి ఇదేంది?”

“ఒక ముసలామె పండగ. ఇంట్లో ఎవరూ లేరంట. రమ్మన్నా.”

అతనికి చెప్పిన జవాబు నాకే సరిపోలేదు. దీపం పెట్టేటప్పుడు నరసింహస్వామి ముందు నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్పుకున్నాను. స్వామీ, నువ్వు గడప మీద కూర్చున్నవాడివి. ఎవరిని రానీయాలో, ఎవరిని ఆపాలో నీకు తెలుసు. నాకు తెలియడం లేదు. తప్పయితే నన్ను అడుగు, పిల్లల్ని అడగొద్దు.

నూలమ్మ పొద్దు గుంకక ముందే వచ్చింది. సంచిలో నుంచి పాతబడి పలచనైన తెల్లగుడ్డ తీసి వాకిట్లో ముళ్లకంప మీద వేసింది. ఓబిలేష్ దాన్ని చూసి గుర్తుపట్టాడు. జీపులో చౌడి మీద వేసిన గుడ్డే అది. తడిసి మెత్తబడిన ఈతాకులను నేను కట్టగా కట్టి, పాత తువ్వాల చుట్టి పెట్టాను.

“బయట నేను నిలబడతా” అంది నూలమ్మ.

“నీ మోకాళ్లకు ఆ మెట్లు వద్దమ్మా. నేను పోతా” అన్నాను.

“ఇంటి ఆడపిల్ల పోవాల గదా, నువ్వు చెప్పినావు అత్తా” అంది జయంతి గోడ దగ్గర నుంచి. “నేను పోతా.”

సంజెవేళ, నిండు నెలల మనిషి, ఆ గడప బయట.

“వద్దులే పాపా” అన్నాను.

“ఇన్ని దినాలు ఆమె బయట ఎట్ల నిలబడుకోనుందో చూస్తా అత్తా.” కట్టను రెండు చేతుల్లోకి తీసుకుంది. పెద్ద పొట్ట మీద ఆనించి పట్టుకుంటే అచ్చం బిడ్డను ఎత్తుకున్నట్టే ఉంది. గడప దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత కుడికాలు బయట పెట్టింది. ఓబిలేష్ ఆమె వెనకాలే కదిలితే నూలమ్మ చేయి అడ్డం పెట్టి తలుపు మూసి గడియ వేసింది.

లోపల చీకటి పడింది. స్వామి ముందు దీపం ఒక్కటే. మేము ముగ్గురం తలుపుకు ఎదురుగా నిలబడ్డాం. తలుపు ఇవతల అక్షరాలు ఉండవు, అవి అవతల ఉన్నవాళ్లకు. అప్పుడు జయంతి వాటి ఎదురుగా నిలబడి ఉందని గుర్తొచ్చింది నాకు. చదువుకుంటూ ఉంటుంది.

“తలుపు తియ్యండి” అని వినిపించింది. గొంతు సన్నగా ఉంది. “లోపలికి రానీండి.”

మా వైపు మొదటి పిలుపుకు ఎవరూ పలకరు. మనిషైతే మళ్లీ పిలుస్తారు అని ఆగుతాం. పుట్టినప్పటి నుంచి ఉన్న ఆ అలవాటు నన్ను ఆపింది. నూలమ్మ ఒక్కతే అంది, “రా తల్లీ, ఇది నీ ఇల్లే.”

“తలుపు తియ్యండి. లోపలికి రానీండి.”

ఈసారి నేనూ అన్నాను. ఓబిలేష్ నోరు విప్పలేదు. తలుపు వైపు చూస్తూ నిలబడ్డాడు.

తర్వాత ఏమీ వినిపించలేదు. ఎద్దు మెడలో గంట కదిలి ఆగింది. మూడో పిలుపు కోసం చూస్తున్నాం. అది రాలేదు. దాని బదులు తలుపు కింది సగంలో, మెత్తగా, ఒక్కసారి తగిలింది. చేతులు ఖాళీ లేని మనిషి మోచేయి తగిలినట్టు.

నూలమ్మకు ఆ చప్పుడు తెలియదు. నాకు తెలుసు. నా కొడుక్కి తెలుసు.

“రా చౌడీ” అన్నాడు ఓబిలేష్. “లోపలికి రా. ఇది నీ ఇల్లే.”

ముందుకు పోయి తానే గడియ తీశాడు.

జయంతి గడప అవతల నిలబడి ఉంది. కట్ట గుండెకు అదుముకుని, కళ్లు వెడల్పు చేసుకుని. ఓబిలేష్ ఆమె భుజం పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. వచ్చిన తర్వాత కూడా తలుపు వెంటనే వేయలేదు. ఇంకెవరన్నా వెనక ఉంటే వాళ్లు కూడా రావడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు తెరిచి పట్టుకున్నాడు. తర్వాత వేశాడు.

“మూడుసార్లు పిలిచినావా పాపా?” అని అడిగాను, నీళ్లు ఇచ్చి.

“లేదత్తా. రెండుసార్లే. మూడోసారికి గొంతు రాలేదు. పిలుద్దామని ఉండంగానే మీరే తీసినారు.” నీళ్లు తాగి, ఓబిలేష్ వైపు చూసి, మెల్లగా అంది. “బయట చలిగా ఉండాది.”

తలుపుకు ఆమె మోచేయి తగిలిందా అని నేను అడగలేదు. చేతుల్లో కట్ట ఉంది కాబట్టి తగిలి ఉండొచ్చు. అట్లా అనుకోవడానికి చోటు ఉంది. అనుకోకపోవడానికీ ఉంది.

ఆ రాత్రి భోజనాల తర్వాత నూలమ్మ సిలువ అల్లడం జయంతికి నేర్పింది. నడుమ చదరం, నాలుగు వైపులా నాలుగు చేతులు. తలుపు పైన లోపలి వైపు దోపారు. పొద్దున లేచి చూస్తే కంప మీది గుడ్డ మంచుకు తడిసి ఉంది. మా సీమలో మాఘంలో మంచు అంత కురవదు. నూలమ్మ దాన్ని మడిచి జయంతి చేతికిచ్చింది. “కొలవలేదా అమ్మా?” అంటే, “నా జాన ఏ పూటా నమ్మేట్టు లేదు ఇప్పుడు” అంది.

ఆ మధ్యాహ్నమే ఓబిలేష్ కిరోసిన్ గుడ్డతో తలుపు మీది అక్షరాలు తుడిచాడు. తెలుగు పోయింది. కన్నడం మాత్రం లీలగా నిలిచింది.

“నేను వేసిన రంగు అంత తొందరగా పోదు ఓబిలేషూ” అన్నాడు హనుమంతప్ప గోడ మీద నుంచి, కొంచెం గర్వంగానే.

ఆ తర్వాత జయంతి నిద్రపోయింది. సంజెవేళ గోడకు ఆనుకుని కూర్చోవడం మానలేదు, కానీ చేతిలో పని ఆగడం మానింది. పోటు తగ్గిందని నూలమ్మ చూసి చెప్పింది. శివరాత్రికి ముందు ఆమెను తీసుకుపోవడానికి కారు వచ్చింది. మా ఇంటి ముందు ఆపించి, దిగలేక అద్దం దించి, జయంతి పొట్ట మీద చేయి పెట్టింది. నాతో ఏమీ చెప్పలేదు. నేనూ ఏమీ చెప్పలేదు. ఇద్దరం ముసలివాళ్లం, మళ్లీ చూసుకుంటామని అబద్ధం ఎందుకు?

నొప్పులు శివరాత్రి మరునాడు పొద్దున వచ్చాయి. నేను జాగారం కళ్లతో పొయ్యి అంటిస్తున్నాను. జయంతి నూలమ్మ ఇచ్చిన గుడ్డ తీసుకుని కడుపు మీద కట్టుకుని, నేను చేయి పట్టేలోగానే గడప దిగి, ఓబిలేష్ వాకిట్లో సిద్ధంగా పెట్టిన ఆటోలో కూర్చుంది. ఓబిలేష్ నడిపాడు. రాయదుర్గం దారిలో, కంకర గుట్ట పక్క మలుపులో, చౌడి పోయిన చోట, వాడి చేయి దానంతట అదే బండిని నెమ్మది చేసింది. అక్కడ ఎప్పుడూ అట్లాగే చేస్తాడు. నేను స్వామి పేరు తలుచుకుంటూ కళ్లు మూసుకున్నాను.

“ఆపొద్దు” అంది జయంతి, పళ్ల బిగువున. “ఆమె ఈడ లేదు. ఇంట్లో ఉండాది. పోనీ.”

పోనిచ్చాడు.

మగబిడ్డ. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికొచ్చారు. వాళ్ల వదిన ఫోన్ చేసి, ఇప్పుడు పుట్టింటికి పంపండి అంది. “నీళ్లు ఈడనే తాగుతాలే వదినా” అని జయంతి నవ్వి పెట్టేసింది.

ఇంట్లో భయం పోయిందా అని హనుమంతప్ప అడిగాడు. ఏం చెప్పను. ఇదివరకు బయట ఒకరు ఉన్నట్టుండేది. ఇప్పుడు లోపల ఒకరు ఉన్నట్టుంటుంది. పనిచేసుకుంటూ వెనక్కి తిరిగి ఏదో చెప్పబోతాను, అక్కడ ఎవరూ ఉండరు. సంజెవేళ తలుపు ఎవరు తట్టినా జయంతి మొదటి పిలుపుకే ‘వస్తాండా’ అంటుంది.

సగం చాపను మళ్లీ అటక ఎక్కించలేదు. నట్టింట్లో మూలకు చుట్టి ఆనించాం. మేము విప్పిన రెండు మూడు వరసలు పోగా అది ఇంకా చిన్నదై ఉండాలి. జయంతికి చాప అల్లడం రాదు, విప్పడమే వచ్చు. ఓబిలేష్‌కు రాదు. నాకు చీపురు కట్టడం వరకే తెలుసు. మొన్న ఊడుస్తూ చుట్ట విప్పి చూస్తే, విప్పిన చోట అల్లిక తిరిగి మొదలైనట్టు అనిపించింది. చివరి ఆకు మీద పంటిగాటు ఉంది. పాతదే అయి ఉండొచ్చు.

కొలుద్దామని జాన చాపాను. మళ్లీ చేయి వెనక్కి తీసుకుని, చాపను ఎట్లా ఉన్నదాన్ని అట్లా చుట్టిపెట్టాను.